ఒక్క పేరున్న పేజీ

నాకు కోపమెక్కువ. ఈ మాట మా ఇంట్లోవాళ్ళే కాదు, అమలాపురం గడియారస్తంభం దగ్గర మేడ మీద నేను నడిపిన డీటీపీ షాపుకు వచ్చిన వాళ్ళంతా చెబుతారు. పెళ్ళికార్డు ప్రూఫు మూడోసారి మార్చమన్న ఒక పెద్దాయన్ని "వియ్యంకుడి ఇంటిపేరు మీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుందండీ" అని అడిగేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ, రెండో అమ్మాయి పెళ్ళికి నా దగ్గరకు రాలేదు. ఒకరి తప్పు కంటబడితే నిలదీసేదాకా నాకు అన్నం సయించదు. అలాంటిదాన్ని, నా తప్పే కాగితం మీద అచ్చయి నా బల్ల మీదకు వచ్చిన రోజున నోరు పెగలక కూర్చున్నాను. అది జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడైనా రాసిపెట్టాలనిపించింది.

షాపులో రెండు కంప్యూటర్లు, ఒక స్కానరు, ఒక లేజర్ ప్రింటరు ఉండేవి. పెళ్ళికార్డులు, పెద్దకర్మ కార్డులు, అంబాజీపేట కొబ్బరి వర్తకులకు లెటర్‌హెడ్లు చేసేదాన్ని. పెద్దకర్మ కార్డుకు ఒక పద్ధతి ఉండేది. పోయినవారి ఫోటో స్కాన్ చేసి, నుదుట బొట్టు పెట్టి, చుట్టూ బంతిపూల దండ వేసి, కింద రెండు దీపాలు వెలిగించడం. దండల బొమ్మలు ఒక సీడీ నిండా ఉండేవి. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫోటో ఇస్తే చాలు, నా చెయ్యి ఆ పని చేసుకుపోయేది.

రెండువేల ఒకటిలో ఒకరోజు మా మాస్టారు మెట్లెక్కి వచ్చారు. ఎనిమిదో తరగతిలో నాకు సోషల్ చెప్పినాయన. తరవాత బదిలీ మీద కాట్రేనికోన దాటాక సముద్రం వైపున్న ఒక పల్లెకు హెడ్మాస్టరుగా వెళ్ళి, అక్కడే రిటైరయ్యారు. తొంభై ఆరులో దీపావళి ముందు వచ్చిన తుఫాను ఆయన కళ్ళముందే ఆ పల్లెను ఊడ్చేసింది. వేటకు వెళ్ళిన పడవల్లో చాలా తిరిగి రాలేదు. ఆ తరవాత నెలల తరబడి మాస్టారు సైకిలు మీద ఇంటింటికీ వెళ్ళి, పోయినవాళ్ళ పేర్లు ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకున్నారు. పేర్లే కాదు. ఎవరు ఏ పడవలో వెళ్ళారు, వెళ్ళేముందు ఇంట్లో ఏమన్నారు, ఏం తిన్నారు అన్నవి కూడా నాలుగేసి ముక్కలు రాశారు. "సర్కారు లెక్క సర్కారుకి ఉంటుందమ్మా. మన లెక్కలో మనిషి కనబడాలి" అన్నారు నాతో. ఆ నోటుబుక్కు నా బల్ల మీద పెట్టి, "దీన్ని నీళ్ళు తడపలేని చోట పెట్టు" అన్నారు.

వెబ్‌సైటు చెయ్యడం అప్పుడప్పుడే పుస్తకం చూసి నేర్చుకుంటున్నాను. తెల్లటి పేజీ, నీలం లింకులు. తెలుగు ఫాంటు వేస్తే అవతలివాళ్ళ కంప్యూటర్లో గళ్ళు గళ్ళుగా వచ్చేది కాబట్టి అంతా ఇంగ్లీషులోనే పెట్టాను. ఫోటో ఉన్నవాళ్ళకు ఫోటో స్కాన్ చేశాను. మాస్టారు పక్కనే కూర్చుని చెబుతుంటే రెండు పేజీలు కట్టాను. మొదటి పేజీలో పోయినవాళ్ళంతా. రెండో పేజీలో ఒకే ఒక్క పేరు.

ఆ ఒక్క పేరు సంగతి చెప్పాలి. చాలామంది శవాలు దొరకలేదు. ఇళ్ళవాళ్ళు కొన్నాళ్ళు ఎదురుచూసి, దర్భలతో బొమ్మ చేసి, దాన్నే మనిషనుకుని దహనం చేసి, కర్మ జరిపించారు. ఒక్కావిడ మాత్రం ఒప్పుకోలేదు. "నేను చూడలేదు గదా, మీరూ చూడలేదు గదా" అంది. ఆవిడ బావగారు, అంటే భర్తకు అన్నగారు, కర్మ చెయ్యాలన్నారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పడవ. ఆ రోజు జ్వరం తగిలి అన్నగారు ఒడ్డున ఉండిపోయారు, తమ్ముడు వెళ్ళాడు. కులపెద్దలు కూర్చుని, ఆచూకీ లేనివాడి కోసం ఒక పుష్కరం ఆగడం పాత ఆచారమేనని తేల్చారు. పుష్కరమంటే పన్నెండేళ్ళు. అప్పటిదాకా ఆవిడ బొట్టు, గాజులు, మట్టెలు ఎవరూ ముట్టకూడదు, పేరంటాలకు పిలవాలి. పన్నెండేళ్ళు నిండితే ఆవిడ అడ్డు చెప్పకూడదు. ఈ తీర్పుకు కాగితం లేదు. మాస్టారు పుస్తకంలో ఒక వాక్యంగా ఉంది, అక్కడినుంచి నేను చేసిన రెండో పేజీలోకి వచ్చింది. ఆచూకీ తెలియలేదనీ, పన్నెండేళ్ళు ఎదురుచూడటానికి పెద్దలు ఒప్పుకున్నారనీ ఆ పేజీ చెప్పేది.

ఆరేళ్ళు గడిచాయి. రెండువేల ఏడు నాటికి అమలాపురంలో బ్రాడ్‌బ్యాండు వచ్చింది, తెలుగు అక్షరాలు ఏ కంప్యూటర్లోనైనా సరిగ్గా కనబడే రోజులొచ్చాయి. నాకు పని బాగా వచ్చేసిందన్న గర్వమూ వచ్చింది. మాస్టారి సైటు చూస్తే సిగ్గేసేది. ఎవరైనా నేను మొదట చేసిన సైటు చూపించమంటే మాట తప్పించేదాన్ని. చివరకు డబ్బేమీ వద్దు, మొత్తం తెలుగులో తిరగరాసి కొత్తగా కడతానని నేనే మాస్టారికి ఫోను చేశాను.

ఆ పని ఎంత శ్రద్ధగా చేశానో ఇప్పటికీ గుర్తుంది. సెర్చి ఇంజను గురించి అప్పటికి బాగా చదువుకున్నాను. మనం ఏదైనా వెతికినప్పుడు అది పరుగెత్తుకెళ్ళి మన సైటు చూసి రాదు. దాని తాలూకు ప్రోగ్రాము ఎప్పుడో వచ్చి, మన పేజీలు చదివి, ఒక నకలు తీసుకుని వెళుతుంది. వెతికినవాళ్ళకు ఆ నకలు చూసే జవాబు చెబుతుంది. అందుకని సగం కట్టిన పేజీలను అది చదవకుండా అడ్డు పెట్టాను. పాత చిరునామాలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని, ఏ పాత పేజీకొచ్చినవాళ్ళు ఏ కొత్త పేజీకి చేరాలో దారులు మళ్ళించాను. పాత లింకు ఒక్కటి కూడా చావకూడదన్నది నా పట్టుదల. పని అయ్యాక అడ్డు తీసేసి, కొత్త పేజీల జాబితా సెర్చి ఇంజనుకు పంపాను.

ఇంత శ్రద్ధలో నాకు ఒక్కటే నచ్చలేదు. రెండో పేజీ. ఒకే పేరు, ఒకే ఫోటో, చుట్టూ ఖాళీ. తెర మీద వెలితిగా ఉండేది. ఒక్క పేరుకు ఒక పేజీ ఎందుకనుకున్నాను. ఆ పేరు తీసి మొదటి పేజీలో అక్షరక్రమంలో చేర్చాను. పాత రెండో పేజీ చిరునామాను కూడా అక్కడికే మళ్ళించాను. ఆ పేజీకి స్మృత్యంజలి అని పేరు పెట్టి, ఫోటోలన్నిటికీ ఒకే మూస తయారుచేశాను. బొట్టు, బంతిపూల దండ, రెండు దీపాలు. అందరికీ సమానంగా ఉంటుందనుకున్నాను. పన్నెండేళ్ళ వాక్యం ఆ మూసలో ఇమడలేదు, కత్తిరించాను.

మాస్టారికి అప్పుడే కంటి ఆపరేషను జరిగింది. తెర చూడలేకపోయారు. నేను పేర్లన్నీ చదివి వినిపించాను. ఒక్క పేరూ తప్పిపోలేదని ఆయన తృప్తిపడ్డారు. పేజీ మార్చినట్టు నేను చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన సంగతని నాకు తట్టలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే సెర్చి ఇంజను వచ్చి కొత్త పేజీలన్నీ రాసుకుపోయింది. ఊరి పేరు కొడితే చాలు, మొట్టమొదట నా పేజీయే, తెలుగు అక్షరాలతో. ఆ సంతోషంలో ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి, కింద మందుల షాపువాళ్ళకు కూడా పంచాను.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, చేతుల నిండా మట్టి గాజులు. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి పైకి వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది.

"కంప్యూటర్లో మా ఊరోళ్ళ పేర్లెట్టింది మీరేనాండీ?"

"నేనేనండి. కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. కాగితం విప్పి బల్ల మీద పెట్టింది. నా పేజీయే, నలుపు తెలుపులో అచ్చు తీసింది. అంతమంది ఫోటోల మధ్య ఒకదాని మీద వేలు ఆన్చి అడిగింది.

"మా ఆయనకి దండెవరేసేరండీ?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఫోటో చుట్టూ ఉన్న దండ చూశాక అర్థమైంది. ఒక్క పేరే కదా, పేజీ బోసిగా ఉందని కలిపేశానని చెప్పగలనా. ఆవిడే చెప్పుకొచ్చింది. బావగారి కూతురు కాలేజీలో కంప్యూటరు మీద ఊరి పేరు కొట్టి చూసిందట. కాగితం తీసి ఇంటికి పట్టుకొచ్చిందట. అది చూసి బావగారు పెద్దల దగ్గరకు వెళ్ళారు. మాస్టారే దండేసి పెట్టాక ఇంక ఆగడమెందుకు, రాబోయే మహాలయ పక్షంలో కర్మ జరిపించేద్దామన్నారు.

"నాకింకా ఏడాది పైన ఉందండి. పెద్దలిచ్చిన గడువండి అది," అంది ఆవిడ. గొంతు పెంచలేదు.

"తప్పు నాదండి. ఇప్పుడే తీసేస్తాను," అన్నాను.

"ఆయ్," అని అక్కడే నిలబడింది. నేను తీసేదాకా కదలలేదు. ఆవిడ ముందే ఆ పేరు మొదటి పేజీ నుంచి తీశాను. దారి మళ్ళింపు రద్దు చేశాను. పాత రెండో పేజీని మళ్ళీ కట్టి, దండ లేని ఫోటో పెట్టి, పన్నెండేళ్ళ వాక్యం తెలుగులో రాశాను. ఆవిడకు చదువు రాదు. ఫోటో చుట్టూ ఏమీ లేకపోవడం చూసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళింది. సాయంత్రం మాస్టారికి ఫోను చేసి అంతా చెప్పాను.

"ఎందుకు కలిపావమ్మా?"

"ఒక్క పేరే ఉంది కదండీ."

"ఒక్క పేరే గనకే వేరే పెట్టించాను," అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది. మర్నాడే ఆటో కట్టించుకుని పల్లెకు వెళ్ళి, అది మా పొరపాటు, దిద్దేశాం, పెద్దల మాట పెద్దల మాటేనని అందరికీ చెప్పి వచ్చారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండా ఆవిడ మళ్ళీ వచ్చింది, ఇంకో కాగితంతో. అది నా సైటు కాదు. సెర్చి ఇంజనులో ఆయన పేరు కొడితే వచ్చిన జవాబు. స్మృత్యంజలి అన్న పేరు, కింద రెండు లైన్లలో ఆయన పేరు, ఊరు, దివంగతుల జాబితా అన్న నా వాక్యం. పక్కనే నకలు చూపించే చిన్న లింకు. ఆ నకలు కూడా అచ్చు తీశారు. అందులో దండ అలాగే ఉంది.

"మీరు తీసేరు కదండీ. నేను చూసేను. మరి ఇదెక్కడిదండీ?"

నేను చెప్పబోయాను. నాకే నమ్మకంగా అనిపించలేదు. ఆవిడ అసలు సంగతి చెప్పింది. మాస్టారు మాట మార్చేరని ఊళ్ళో అంటున్నారట. ఆవిడ ఏడుపు చూడలేక అబద్ధమాడేరు, కంప్యూటరు మాత్రం అబద్ధమాడదు అన్నారట. ఏళ్ళ తరబడి ఆ ఊరి పిల్లలకు చదువు చెప్పినాయన మాట, నేను పూలదండ అతికించిన ఒక బొమ్మ ముందు చెల్లకుండా పోయింది. ఆ రోజు నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరిమీదా ఎప్పుడూ రాలేదు.

అప్పటినుంచి పొద్దున్నే షాపు తలుపు తీసి, దీపం కూడా పెట్టకుండా ఆయన పేరు కొట్టి చూసేదాన్ని. అదే స్మృత్యంజలి. కొత్త పేజీలు చూపించుకోవాలని నేను తహతహలాడినప్పుడు నాలుగు రోజుల్లో వచ్చిన ప్రోగ్రాము, ఇప్పుడు అవసరమైతే రావడం లేదు. నకలు దాచవద్దని పేజీలో ఒక ఆదేశం రాశాను. కానీ ఆ ఆదేశం చదవాలన్నా అది మళ్ళీ రావాలి. ఆ నకలు తొలగించమని సెర్చి ఇంజనువాళ్ళకు అర్జీ పెట్టాను. ఆ చిరునామాలో పేజీ ఇంకా ఉంది కదా అని తిప్పి పంపారు. మళ్ళీ పెట్టాను, పరిశీలనలో ఉందన్నారు. దారి మళ్ళింపు శాశ్వతమని నేనే రాశాను కాబట్టి, పాత పేజీ చచ్చిపోయిందనే దానికి గుర్తుంది. ఆ పని ఎంత పద్ధతిగా చేశానో అంత చెడ్డగా తగులుకుంది.

మహాలయ అమావాస్యకు పదిరోజులుందనగా పెద్దలు మళ్ళీ కూర్చుంటున్నారని మాస్టారు కబురుపెట్టారు. "నువ్వు రా అమ్మా. ఈ సంగతి చెప్పడం నావల్ల కాదు" అన్నారు. నేను బస్సులో ముమ్మిడివరం మీదుగా కాట్రేనికోన వెళ్ళి, అక్కడ ఆటో ఎక్కాను. తుఫాను తరవాత కట్టిన షెల్టరు భవనంలో సమావేశం. గచ్చు మీద పదిహేను మంది దాకా మగవాళ్ళు, వరండాలో ఆడవాళ్ళు. మాస్టారు నల్లకళ్ళద్దాలతో గోడకానుకుని కూర్చున్నారు. బావగారిని అదే మొదటిసారి చూశాను. దౌర్జన్యం చేసే మనిషిని ఊహించుకుని, నాలుగు మాటలు కడిగెయ్యాలనే వెళ్ళాను. గెడ్డం నెరిసి, భుజం మీద తువ్వాలు ముడుచుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు.

నేను లేచి, తప్పు ఎలా జరిగిందో దాచకుండా చెప్పాను. పేజీ కలపడం నా తెలివితక్కువ అని చెప్పాను. తరవాత నకలు సంగతి. కులపెద్దల్లో ఒక పెద్దాయన చెయ్యెత్తారు.

"అమ్మా, మీరు దిద్దేనంటన్నారు. అదేమో దిద్దలేదంటంది. మేం ఎవర్ని నమ్మాలండీ?"

"జనాభా లెక్కలవాళ్ళు వస్తారు కదండీ," అన్నాను. "వచ్చిన రోజున ఇంట్లో ఎంతమందుంటే అంతమందిని రాసుకుని వెళ్ళిపోతారు. మర్నాడు మనవడు పుట్టినా వాళ్ళ పుస్తకంలో ఉండడు. మళ్ళీ వాళ్ళొచ్చి రాసుకునేదాకా పుస్తకం పాత లెక్కే చెబుతుంది. ఇదీ అంతేనండి. నేను తప్పు పెట్టిన రోజున వచ్చి రాసుకుపోయింది. మళ్ళీ రాలేదు."

జనంలో కదలిక వచ్చింది. అర్థమైందని తెలిసింది. పెద్దాయన తలూపి, "ఆయ్. మరి మళ్ళీ ఎప్పుడొస్తదండీ?" అన్నారు.

"చెప్పలేనండి. రేపు రావచ్చు. రెండు నెలలు పట్టవచ్చు. వస్తుంది మాత్రం నిజం."

వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. సరే, అది వచ్చి దిద్దుకునేదాకా కాగితం సంగతి పక్కనపెడదామన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు బావగారు తల పైకెత్తాడు.

"కాగితం గొడవ నాకొద్దండి," అన్నాడు. "బతికున్నోడికి నీళ్ళొదిలితే పాపం. పోయినోడికి వదలకపోతే పాపం. పదకొండేళ్ళ నుంచి ప్రతి అమావాస్యకీ గోదాట్లో దిగి, మా అమ్మకీ నాన్నకీ వదులుతున్నానండి. ఆడి దగ్గరకొచ్చేతలికి చెయ్యాగిపోతందండి. నేనెక్కాల్సిన పడవండి అది. దండేసిన బొమ్మ చూసి, ఎవరో ఒకరు తేల్చేరు కదా అనుకున్నానండి."

నేను మనసులో సిద్ధం చేసుకెళ్ళిన మాటలన్నీ అక్కడే పోయాయి. నా దండ చూసి ఆ మనిషి కుదుటపడ్డాడని నేను ఊహించనేలేదు. ఒకరి గుండె మీద రాయి వేసి, ఇంకొకరి గుండె మీంచి రాయి తీశాను. రెండూ తెలియకుండానే చేశాను.

వరండాలోంచి ఆవిడ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. బావగారికి ఎదురుపడకుండా, తలుపు చాటునుంచే మాట్లాడింది.

"ఆ మిషను ఎప్పుడొస్తదో తెలీదంటే, సరే ఆగుదామన్నారండి మీరంతా. మా ఆయన సంగతి నేనూ అదే అంటన్నానండి. పుష్కరం దాటి ఒక్క పూట అడగనండి. ఆ ఏడాది నాకొదిలెయ్యండి. బావగారి నీళ్ళు నేనాపనండి, ఆ రోజొచ్చేక నేనే దగ్గరుండి ఒదిలిత్తాను."

బావగారు తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. పెద్దాయన ఇంక చర్చ పెట్టలేదు. "ఇచ్చిన మాటే మాట" అని లేచారు. మాస్టారు గోడ పట్టుకుని నిలబడి, ఎవరు ఎటున్నారో సరిగ్గా కనబడక, గాల్లోకే దణ్ణం పెట్టారు.

నకలు మారడానికి ఇంకా మూడు వారాలు పట్టింది. ఒక పొద్దున పేరు కొడితే స్మృత్యంజలి లేదు. పాత రెండో పేజీ, ఆచూకీ తెలియలేదన్న వాక్యంతో, నేను రాసింది రాసినట్టు వచ్చింది. అది అచ్చు తీసి మాస్టారికి పంపాను. ఆయన దాన్ని షెల్టరు గోడకు అంటించమన్నారని తరవాత తెలిసింది. ఆ ఏడాదంతా ఆ సైటులో ఒక అక్షరం కూడా నేను కదపలేదు.

మరుసటి ఏడు దీపావళి ముందు పుష్కరం నిండింది. దర్భబొమ్మ చేసి కర్మ జరిపించారు. ఆవిడ మాట తప్పలేదట, ఎవరూ పట్టుకోకుండానే నడిచి వచ్చి కూర్చుందట. కంటతడి కూడా పెట్టలేదని మాస్టారు చెప్పారు. నెల మాసికం దాటాక ఆవిడ నా షాపుకు వచ్చింది. బోసి నుదురు చూసి నేను లేచి నిలబడిపోయాను. భర్త పోయినప్పుడు ఆడవాళ్ళను ఇలా చేసే ఆచారం మీద నాకు ఎంత మంటో చెప్పలేను. కానీ ఆవిడ ముందు నా మంట ఎంతపాటిది.

"ఇప్పుడెయ్యండి దండ," అంది.

వేశాను. అన్నేళ్ళూ ఇట్టే చేసేసిన పనికి ఆ రోజు అరగంట పట్టింది. ఆయన పేరు మొదటి పేజీలో చేర్చాను. రెండో పేజీ మూసి, దారి మళ్ళించాను. తరవాత ఆవిడకు చెప్పాను. సెర్చి ఇంజనులో మాత్రం పాతదే కొన్నాళ్ళు కనబడుతుంది, ఇప్పుడు నాకు దారులన్నీ తెలుసు, కావాలంటే అర్జీ పెట్టి రెండు మూడు రోజుల్లో పోయేలా చేస్తానన్నాను.

"పాతదంటే, దండ లేకండానాండీ?"

"అవునండి. ఆచూకీ తెలియలేదనే ఉంటుంది."

ఆవిడ కాసేపు తెర వైపు చూసింది.

"తొందరేవుందండీ. ఉన్నన్నాళ్ళు ఉండనియ్యండి," అంది. అర్జీ పెట్టలేదు. కొత్త జాబితా కూడా పంపలేదు. అలా వదిలెయ్యడం మా వృత్తిలో తప్పే. ఆ తప్పు తెలిసే చేశాను.

దాదాపు నలభై రోజులు ఆ నకలు నిలిచింది. సంక్రాంతి కార్డుల పని నెత్తిమీద ఉన్నా రోజూ ఒకసారి చూసేదాన్ని. ఒక బుధవారం పొద్దున మారిపోయింది. స్మృత్యంజలి వచ్చింది. ఆవిడకు ఫోను లేదు. మాస్టారికి చేసి కబురు చెప్పించవచ్చు, కానీ అది అలా చెప్పించే కబురు కాదనిపించింది. షాపు మూసి బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి ఆవిడ ఇంటిముందు చాప మీద ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని, పీట వేసి, మంచినీళ్ళిచ్చింది. ఎందుకొచ్చానని అడగలేదు. నేను గ్లాసు పట్టుకుని చెప్పాను.

"పొద్దున మారిపోయిందండి. ఇప్పుడు అక్కడా దండే కనబడుతోంది."

"ఆయ్," అంది. చాప అంచు సరిచేసింది. మళ్ళీ సరిచేసింది.

"అయితే ఇంకెక్కడా లేరన్నమాటండి," అంది.

కర్మ రోజున ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. చేపల వాసన చేతులతోనే ముఖం మూసుకుని చాలాసేపు ఏడ్చింది. బావగారు పక్కింట్లోంచి బయటకొచ్చి చూసి, దగ్గరకు రాకుండా, గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. నేను పీట జరుపుకుని ఆవిడ పక్కకు వెళ్ళాను. నాలుగు గంటల బస్సు వెళ్ళిపోయింది.